గర్భసంచి గడ్డల వైద్యం: అచ్యుతాపురం నుంచి చూస్తే

ఫైబ్రాయిడ్ల చికిత్స మీద వ్యాపార విశ్లేషణ సంస్థలు ఏటా నివేదికలు తెస్తూనే ఉంటాయి. అన్నీ దాదాపు ఒకే మూసలో సాగుతాయి. మార్కెట్ పెరగడానికి కారణాలుగా ఆలస్యపు పెళ్లిళ్లు, ఆలస్యపు కాన్పులు, గర్భసంచిని నిలుపుకోవాలన్న కోరిక, కోత తక్కువగా ఉండే పద్ధతులు, కొత్త మాత్రలు చూపిస్తాయి. అడ్డంకుల కింద ఖర్చు, దుష్ప్రభావాలు, అవగాహన లేమి రాస్తాయి. మనలాంటి రాష్ట్రాల దగ్గరికి వచ్చేసరికి ఆ చివరి మాట మరీ గట్టిగా వినిపిస్తుంది: ఇక్కడి ఆడవాళ్లకు తెలియదు, తెలియక వైద్యానికి రారు, తెలియజెబితే మార్కెట్ దానంతటదే పెరుగుతుంది అని. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం లాంటి చోటు నుంచి చూస్తే ఈ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. ఇక్కడ మార్కెట్ పుట్టకుండా ఆగిపోలేదు. ఎప్పుడో పుట్టింది, బాగా పెరిగింది, పెరిగి ఒక్క సరుకు దగ్గర కుదురుకుంది. ఆ సరుకు గర్భసంచి తొలగింపు. మిగతా చికిత్సలకు అసలు అడ్డంకి అజ్ఞానం కాదు, ఆ ఒక్క ఆపరేషన్ అంత తొందరగా, అంత తేలిగ్గా దొరకడమేనని నా వాదన.

ముందు అంకెలు చూద్దాం. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. 2015-16 సర్వేలోనూ ఇంతే: దేశంలో 3.2, ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టగానే ఆడవాళ్ల ఒంట్లో హార్మోన్లు మారిపోవు, గడ్డలు కరిగిపోవు. కాబట్టి తేడా జబ్బులో లేదు, జబ్బుకు దొరికే జవాబులో ఉంది. దేశవ్యాప్తంగా ఈ ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. చేయించుకున్నవాళ్లలో సగం మందికి అప్పటికి ముప్పై అయిదేళ్లు నిండలేదు. గడ్డలు ఎక్కువగా బాధపెట్టేది ముప్పై అయిదు దాటాక, నలభైల్లో. ఆ బాధ ముదిరే వయసు రాకముందే సంచి వెళ్లిపోతోందన్నమాట.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఆ ఆపరేషన్లన్నీ ఫైబ్రాయిడ్లకే చేసినవి కావు కదా? నిజమే. సర్వేలో కారణం అడిగితే సగానికి పైగా మహిళలు అధిక రక్తస్రావం, నొప్పి అన్నారు. గడ్డలు, తిత్తులు అని చెప్పినవాళ్లు అంతకన్నా చాలా తక్కువ. అయితే ఆ రెండు జవాబులను వేరువేరు జబ్బులుగా చూడలేం. రక్తస్రావం లక్షణం, గడ్డ దానికి ఉండగల కారణాల్లో ఒకటి. అధిక రక్తస్రావం అని చెప్పిన మనిషికి గడ్డే కారణమా, గర్భసంచి గోడ వాపా, హార్మోన్ల తేడానా, థైరాయిడా అన్నది తేల్చకుండానే ఆపరేషన్ అయిపోయి ఉంటే ఆమె మాత్రం ఏమని చెబుతుంది? కారణం తేల్చకపోయినా పని జరిగిపోతుంది. మార్కెట్ ఒకే సరుకు దగ్గర ఆగిపోయిందనడానికి ఇంతకన్నా మంచి ఆనవాలు దొరకదు. మందుతో నయం చేయాలంటే రోగం ఏమిటో తెలియాలి, సంచి తీసేయడానికి ఆ అవసరం లేదు.

ఈ గడ్డల స్వభావం కొంచెం చెప్పుకుంటేగాని మిగతా సంగతి అర్థం కాదు. ఇవి గర్భసంచి కండరంలోనే పెరిగే గడ్డలు. క్యాన్సర్ కావు, క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ ఉన్నంతకాలం పెరుగుతాయి, ముట్లుడిగాక చాలావరకు ముడుచుకుపోతాయి. 2003లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో యాభై ఏళ్లు వచ్చేసరికి తెల్లజాతి స్త్రీలలో సుమారు 70 శాతానికి, నల్లజాతి స్త్రీలలో 80 శాతానికి పైగా స్కానింగులో గడ్డలు కనిపించాయి. ఇలా గడ్డలున్నవాళ్లలో చాలామందికి ఏ బాధా ఉండదు. అంటే వెతికితే చాలామందిలో దొరికే వస్తువు ఇది. మన దగ్గర స్కానింగ్ కేంద్రాలు చిన్న పట్టణాల దాకా వచ్చాయి. కడుపులో మంట అని వెళ్లినా, తెల్లబట్ట అని వెళ్లినా కాగితం మీద మూడు సెంటీమీటర్ల గడ్డ అచ్చవుతుంది. దాని పక్కనే క్యాన్సర్ అవుతుందేమో అన్న మాట ఎవరో ఒకరు, ఊళ్లో ఆర్‌ఎంపీయో, ఆసుపత్రిలో సహాయకుడో, పక్కింటావిడో, చేరుస్తారు. లక్షణం లేని గడ్డకు సరైన వైద్యం ఏమీ చేయకుండా ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చూడటం. ఆ వైద్యానికి ప్యాకేజీ లేదు, కమిషన్ లేదు, ప్రకటన లేదు. వ్యాపార నివేదికల్లో దానికి ఒక వరుస కూడా ఉండదు. గడ్డలున్న మెజారిటీ స్త్రీలకు తగిన చికిత్స అదే అయినా సరే.

బాధ ఉన్నవాళ్ల సంగతి వేరు. నెలకు ఏడెనిమిది రోజులు గడ్డలు గడ్డలుగా రక్తం పోతుంటే, హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోతే చూస్తూ కూర్చోమనడం వైద్యం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం రక్తహీనులని ఐదో సర్వే చెప్పింది. ఆ పునాది మీద అధిక రక్తస్రావం పడితే మనిషి నిలబడలేదు. వీళ్లకు ఉన్న మార్గాలు ఒకటీ రెండూ కావు. అన్నిటికన్నా చవకైనది ట్రానెక్సామిక్ ఆమ్లం. జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త శోసుకే 1962లో ప్రకటించిన ఈ మందు ఇవాళ ఊరి మందుల షాపులో కూడా దొరుకుతుంది, ముట్టు రోజుల్లో వేసుకుంటే రక్తస్రావాన్ని గణనీయంగా తగ్గిస్తుంది. ఆ తర్వాత లివోనార్‌జెస్ట్రెల్ విడుదల చేసే గర్భసంచి లూప్. ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ప్రభుత్వ రంగ సంస్థ హెచ్‌ఎల్‌ఎల్ లైఫ్‌కేర్ దీన్ని ఎమిలీ పేరుతో అమ్ముతోంది. చిన్న గడ్డలుండి గర్భసంచి లోపలి ఆకారం చెడకపోతే మొదట దీన్నే చూడమని 2018 నాటి బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. లోపలికి పొడుచుకొచ్చిన గడ్డను కెమెరా గొట్టంతో యోని ద్వారా తీసేయవచ్చు, కోతే ఉండదు. పెద్ద గడ్డలను మాత్రమే తీసి సంచిని కుట్టేయవచ్చు.

కొత్త పద్ధతుల చరిత్ర మాత్రం అంత నున్నగా లేదు, నివేదికలు దాన్ని ఎంత మెరిపించినా. గడ్డకు వెళ్లే రక్తనాళాన్ని మూసేసే ఎంబోలైజేషన్‌ను ఫైబ్రాయిడ్లకు వాడటం గురించి పారిస్ వైద్యుడు రవీనా బృందం 1995లో తొలిసారి ప్రచురించింది. ముప్పై ఏళ్లయింది. అయినా మన దగ్గర అది నగరం దాటలేదు. దానికి రక్తనాళాల ఎక్స్‌రే యంత్రం, అందులో తర్ఫీదు పొందిన రేడియాలజిస్టు కావాలి; అచ్యుతాపురం మనిషి దాని కోసం విశాఖపట్నం వెళ్లాల్సిందే. ఫలితాలూ మిశ్రమమే. నెదర్లాండ్స్‌లో జరిగిన ఎమ్మీ పరీక్షలో ఎంబోలైజేషన్ చేయించుకున్నవాళ్లలో ఐదేళ్లలో సుమారు 28 శాతానికి చివరికి గర్భసంచి తీయాల్సి వచ్చింది. 2020లో వెలువడిన బ్రిటన్ ఫెమ్ పరీక్షలో రెండేళ్ల తర్వాత జీవన నాణ్యత చూస్తే ఎంబోలైజేషన్ కన్నా గడ్డలు మాత్రమే తీసే శస్త్రచికిత్సే మెరుగని తేలింది. ధ్వని తరంగాలతో గడ్డను కాల్చే యంత్రానికి అమెరికా 2004లో అనుమతిచ్చింది. యంత్రం ధర చూసి పెద్ద ఆసుపత్రులు కూడా వెనకాడతాయి. మందుల కథ ఇంకా గందరగోళం. యులిప్రిస్టాల్ మాత్రను 2012లో యూరప్ అనుమతించింది. తర్వాత కాలేయం పాడైన కేసులు బయటపడ్డాయి. అమెరికా 2018లో తిరస్కరించింది, యూరప్ 2020 మార్చిలో నిలిపేసి, ఏడాది చివర్లో కఠిన షరతులతో కొద్దిమందికి పరిమితం చేసింది. 2020 మేలో ఎలాగోలిక్స్ కలయిక, 2021 మేలో రెలుగోలిక్స్ కలయిక అమెరికాలో అనుమతి పొందాయి. ఎముకలు గుల్లబారే భయంతో రెండేళ్లకు మించి వాడొద్దన్నారు. ఈ మందులే రేపు మన సమస్య తీరుస్తాయని అనుకోవడానికి నాకైతే ఆధారం కనిపించడం లేదు. ఇక్కడ లోటు కొత్త మందుది కాదు, పాత మందును వరుసలో ముందు పెట్టే ఏర్పాటుది.

ఆ ఏర్పాటు ఎందుకు లేదో తెలియాలంటే డబ్బు ఎవరు, దేనికి కడుతున్నారో చూడాలి. 2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ పేదకు కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరిచింది, అందులో సందేహం లేదు. పథకం పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారింది, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. మారనిది దాని లోపలి లెక్క: మంచం మీద చేరిన రోగికి, ప్యాకేజీ ఉన్న చికిత్సకు డబ్బు. నెలనెలా మాత్రలకు, లూప్ వేసి ఏడాది గమనించినందుకు చాలావరకు డబ్బు రాదు. పథకం వచ్చిన తొలి ఏళ్లలో గర్భసంచి ఆపరేషన్లు వెల్లువెత్తాయి. హైదరాబాద్‌కు చెందిన వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి గ్రామీణ మహిళల్లో అవసరం లేని తొలగింపులను వెలికితీసి మాట్లాడారు. తర్వాత ప్రభుత్వం ఈ ఆపరేషన్‌ను పథకంలో ప్రైవేటు ఆసుపత్రులకు ఇవ్వడం ఆపి ప్రభుత్వ ఆసుపత్రులకు కేటాయించింది. ఆ కట్టడి ఫలితం సర్వేల్లో చూడండి: 8.9 నుంచి 8.7. ఒకసారి తీయించుకున్న మనిషి యాభై దాకా లెక్కలో ఉంటుంది కాబట్టి ఈ అంకె నెమ్మదిగానే కదులుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా కదలిక మరీ స్వల్పం. పథకం డబ్బు ఆగితే చేతి డబ్బు, అప్పు డబ్బు ఆ ఖాళీని నింపాయని అనుకోవాల్సి వస్తోంది. అలవాటు ఒకసారి స్థిరపడ్డాక దాన్ని పుట్టించిన చెల్లింపు ఆగినా అది ఆగలేదు.

అలవాటు అన్నాను. అది వైద్యుల అలవాటు మాత్రమే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన మహిళల్లో దాదాపు 70 శాతం పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, అదీ ఇరవైల్లోనే. పాతికేళ్లకు కాన్పులు ముగిసిన మనిషికి ఆ తర్వాత గర్భసంచి ఎందుకన్న ప్రశ్న ఇంట్లోనే మొదలవుతుంది, ఆసుపత్రి దాన్ని పూర్తి చేస్తుందంతే. ప్రపంచ మార్కెట్ నివేదికలు పెరుగుదలకు మొదటి కారణంగా చెప్పే సంతానం కోసం సంచిని కాపాడుకోవాలన్న కోరిక ఇక్కడి స్త్రీలో చాలావరకు లేదు. ఆ కోరిక మీద కట్టిన వ్యాపారం చికాగోలో నడుస్తుంది, హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో కొంత నడుస్తుంది, అచ్యుతాపురంలో నడవదు. ఇక్కడ సంచిని ఉంచాలనడానికి వేరే కారణం చెప్పాలి, ఆ కారణం ఉంది. అండాశయాలు మిగిల్చినా, సంచి తీసినవాళ్లకు ముట్లుడిగే దశ సుమారు నాలుగేళ్లు ముందే వస్తోందని 2005లో న్యూజిలాండ్ అధ్యయనం ఒకటి చూపింది. ముప్పై రెండేళ్ల మనిషికి అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసులోనే ఆ దశ. ఎముకల సాంద్రత, గుండె, నిద్ర అన్నీ దాని ప్రభావంలోకి వస్తాయి. ఒంటి సత్తువే జీతమైన మనిషికి అది ఇరవై ఏళ్ల పని జీవితం మీద పడే దెబ్బ.

ఇప్పుడు అచ్యుతాపురం. ఇక్కడి ప్రత్యేక ఆర్థిక మండలి, పక్కన రాంబిల్లి, కొద్ది దూరంలో పరవాడ ఫార్మా సిటీ కలిసి పల్లెల రూపు మార్చాయి. శ్రీలంక సంస్థ బ్రాండిక్స్ వెయ్యి ఎకరాల్లో పెట్టిన దుస్తుల పార్కులో వేల మంది పనిచేస్తున్నారు, అందులో అత్యధికులు ఆడవాళ్లు. చుట్టుపక్కల మండలాల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకున్నవాళ్లు. కుట్టు మిషను దగ్గర కూర్చునే ఉద్యోగంలో అధిక రక్తస్రావం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. లైన్ ఆగకూడదు, పదే పదే లేవకూడదు, సెలవు పెడితే జీతం కోత. ఇలాంటి మనిషి ఒక్కసారి పోతే పోయింది అని పెద్దాపరేషన్‌కు సిద్ధపడటంలో అజ్ఞానం ఏమీ లేదు. నెలనెలా రెండు రోజుల కూలి పోగొట్టుకోవడం కన్నా ఆరు వారాలు ఒకేసారి పోవడం మేలన్నది ఆమె లెక్క. మహారాష్ట్ర బీడ్ జిల్లా చెరకు కోత కూలీల్లో ఇదే లెక్క ఎంత దూరం వెళ్లిందో 2019లో దేశం చూసింది. పదేళ్లలో పదమూడు వేలకు పైగా తొలగింపులు అక్కడి సర్వేలో బయటపడ్డాయి. పనికి రాని రోజుకు ముకద్దమ్, అంటే కూలీలను తెచ్చే గుత్తేదారు, జరిమానా వేసే పద్ధతి దాని వెనక ఉంది. ఫ్యాక్టరీ ఉద్యోగం అంత నిరాధారం కాదు, చట్టం ఉంది, బీమా ఉంది. ఆ తేడా మీదే నా ఆశ.

సంచి తీసేయడమే శాశ్వత పరిష్కారం కదా, ఎందుకు ఇన్ని మెలికలు అని స్త్రీవైద్య నిపుణులు అడుగుతారు. తేలిగ్గా తోసేసే ప్రశ్న కాదు. గడ్డ మళ్లీ రాదని హామీ ఇచ్చే చికిత్స అదొక్కటే. నలభై అయిదేళ్ల మనిషికి, పెద్ద గడ్డలకు, మందులు పనిచేయని స్థితిలో అది సరైన వైద్యం. చేయించుకున్నవాళ్లలో చాలామంది సంతృప్తిగానే ఉంటారని విదేశీ పరీక్షలన్నీ చెబుతున్నాయి. ఎంబోలైజేషన్ అంకెలు నేనే పైన రాశాను. అయితే ఆ పరీక్షల్లో పాల్గొన్నవాళ్లు ఎక్కువగా నలభైలలో ఉన్నవాళ్లు, అప్పటికే మందులు వాడి చూసినవాళ్లు. ఆ ఫలితాన్ని ముప్పై ఏళ్ల, ఒక్క మాత్ర కూడా వాడని మనిషికి అంటగట్టడం కుదరదు. ఎంబోలైజేషన్ తర్వాత 28 శాతానికి సంచి తీయాల్సి వచ్చిందంటే 72 శాతం ఐదేళ్లు గట్టెక్కారు. నలభై ఆరేళ్ల స్త్రీకి ఐదేళ్లు గట్టెక్కడమంటే ముట్లుడిగే దాకా చేరుకోవడమే.

రెండో అభ్యంతరం ఇంకా ఆచరణాత్మకమైనది: పల్లె మనిషి మందులకు మళ్లీ మళ్లీ రాదు, లూప్ వేస్తే మచ్చలు మచ్చలుగా కనిపించే తొలి నెలల్లోనే భయపడి తీయించుకుంటుంది, కాబట్టి ఒక్కసారిలో ముగించడమే దయ. వ్యవసాయ కూలీ విషయంలో ఇందులో కొంత నిజం ఉంది. ఫ్యాక్టరీ కార్మికురాలి విషయంలో లేదు. ఆమె వారానికి ఆరు రోజులు ఒకే గేటు గుండా లోపలికి వెళుతుంది. ఆమె జీతంలోంచి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చందా ప్రతి నెలా కట్ అవుతుంది: 2019 జులై నుంచి కార్మికురాలి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. పన్నెండు వేల జీతమైతే ఆమె కట్టేది 90 రూపాయలు, యాజమాన్యం కట్టేది 390. ఆరోగ్యశ్రీకీ ఈఎస్ఐకీ ఉన్న పెద్ద తేడా, ఈఎస్ఐ డిస్పెన్సరీలో రోజువారీ వైద్యం, మందులు కూడా హక్కే. అనారోగ్య సెలవుకు ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం వేతనం వస్తుంది. అంటే దేశంలో ఆసుపత్రి మంచం ఎక్కకుండా ఫైబ్రాయిడ్‌కు వైద్యం చేయించుకోవడానికి డబ్బు కట్టే ఏర్పాటు ఉన్న కొద్దిమందిలో ఈమె ఒకరు. జీతం 21 వేలు దాటితే ఈ హక్కు పోతుంది, అది వేరే చర్చ. కాంట్రాక్టు కార్మికులకు మరో చిక్కు: ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడితేగాని సెలవు వేతనం రాదు. రక్తస్రావంతో పని మానేసే మనిషికే ఆ 78 రోజులు పూర్తికాని ప్రమాదం ఎక్కువ.

ఈ హక్కు కాగితం మీదే ఉండిపోవడానికి కారణం దూరం. ఆ వైద్యం కోసం అచ్యుతాపురం నుంచి విశాఖకు వెళ్లి రావడమంటే ఒక రోజు కూలి. 2024 అక్టోబర్ 29న ప్రధాని అచ్యుతాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. ఆ ఆసుపత్రి తయారయ్యాక అక్కడ ఎన్ని ఆపరేషన్ థియేటర్లు అని అందరూ అడుగుతారు. నేను మాత్రం స్త్రీవైద్యురాలు వారంలో ఎన్ని రోజులు ఉంటారు, సాయంత్రం షిఫ్టు దిగాక చూస్తారా, హార్మోన్ లూప్ నిల్వ ఉందా, గర్భసంచి లోపలికి చూసే కెమెరా ఉందా, సిర ద్వారా ఐరన్ ఎక్కించే ఏర్పాటు ఉందా అని అడుగుతాను. ఇవేవీ మార్కెట్ నివేదికల్లో మెరిసే వస్తువులు కావు. ఖర్చు కూడా ఒక ధ్వని తరంగ యంత్రం ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు.

మిగిలింది అజమాయిషీ. రాజస్థాన్ వైద్యుడు నరేంద్ర గుప్తా 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పిచ్చింది. అవసరం లేని తొలగింపులను ఆపడానికి కేంద్రం 2022లో రాసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమల్లో పెట్టాలంది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి, నలభై ఏళ్లలోపు స్త్రీలకు చేసిన ఆపరేషన్లను ప్రత్యేకంగా పరిశీలించాలి. 2022 ఏప్రిల్ 4న పుట్టిన అనకాపల్లి జిల్లాకూ ఇది వర్తిస్తుంది. కమిటీల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆపరేషన్ అయ్యాక సంఖ్య లెక్కపెడితే వచ్చేది సంఖ్యే. ప్రతి ఆపరేషన్ కాగితం మీద రెండే రెండు గళ్లు ఉంటే చాలు: అంతకు ముందు ఏ మందు, ఎన్ని నెలలు వాడారు, తీసిన సంచిని పరీక్షకు పంపితే ఏమి తేలింది. మొదటి గడి ఖాళీగా ఉన్న నలభై లోపు కేసులను ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ఆసుపత్రి పేరుతో సహా ఏటా జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టవచ్చు. రోగుల పేర్లు అక్కర్లేదు. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, తీర్పు ఇప్పటికే ఉంది.